లారీల గోల లేకుండా లెక్తూర్ చుట్టుపక్కల సైకిల్ దారులు

నైరుతి ఫ్రాన్స్‌లోని లెక్తూర్ అనే ఊరి నుంచి ఓష్ పట్టణానికి ఎన్21 జాతీయ రహదారి మీద సైకిల్ తొక్కుతూ వెళ్తే లారీలు పక్కనుంచే దూసుకెళ్లి టెన్షన్ పెట్టాయని, వేరే దారులు చెప్పమని ఒకరు అడిగారండీ. ఆ రోడ్డు దాటడానికే తప్ప తొక్కడానికి పనికిరాదు.

మిషెలిన్ అనే ఫ్రెంచ్ కంపెనీ వాళ్ల కాగితపు రోడ్డు మ్యాప్ ఒకటి కొనుక్కోండి. ఎర్రగీతలు పెద్ద రోడ్లు, పసుపువి ఓ మోస్తరువి, తెల్లవే మనకు కావలసినవి. లెక్తూర్ నుంచి లా రోమియు అనే పల్లె మీదుగా కోందోం పట్టణం వైపు ఆ తెల్లగీతలు పట్టుకుని వెళ్లండి. పొద్దుతిరుగుడు చేలు, ద్రాక్షతోటలు, ఎప్పుడో ఒక ట్రాక్టరు. కాకపోతే ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. తేలిక గేర్లు లేకపోతే మోకాళ్లు మొరపెడతాయి.

మధ్యాహ్నం పల్లెల్లో కొట్లు మూసేస్తారు, తిండి ముందే కొనుక్కోండి. నీళ్లకైతే శ్మశానాల్లో కుళాయిలుంటాయి (నవ్వకండి, సైక్లిస్టులందరూ చేసేదే). పక్కన ‘నాన్ పోటాబ్ల్’ (తాగే నీళ్లు కావు) అని రాసుంటే మాత్రం తాగొద్దు.