చేప నూనె కంపు: పొరపాటు పొయ్యి దగ్గర కాదు

ప్రశ్న: చేపల మార్కెట్లో పొద్దున కోసిన బొచ్చె, రవ్వ పేగులు రోజూ 40 కిలోలు డ్రమ్ములో పోసుకొచ్చి, మధ్యాహ్నం ఇనుప కడాయిలో ఉడికించి నూనె తీస్తున్నాను. నల్లగా, ఘాటు కంపుతో వస్తోంది. ఇంకాసేపు మరిగించాలా? దుకాణదారు కాస్టిక్ సోడా వేయమన్నాడు. రొయ్య తలలు ఎండబెట్టి కోళ్లకు పెడితే సొనకు రంగొస్తుందా?
- పెద్దవూర మండలం రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: మరగడం తక్కువైందన్నది మీ అపోహ. పేగులు పొయ్యెక్కకముందే చెడిపోతున్నాయి. ఐసు లేకుండా మన ఎండలో ఆరు గంటలుంటే పేగుల్లోని ఎంజైములే (తిండిని అరిగించే రసాలు) కొవ్వును విరగ్గొడతాయి. ఆపైన ఎంత మరిగిస్తే అంత నలుపు.

కోసిన చోటే కిలో పేగులకు కిలో ఐసు వేయండి. ఆకుపచ్చ చేదు తిత్తి పగలకుండా తీసేయండి. అది చితికితే నూనె రంగు మారుతుంది. కడిగి, ముక్కలు చేసి, 40 కిలోలకు 20 లీటర్ల నీళ్లతో స్టీలు పాత్రలో 85-90 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి. తెర్లనివ్వొద్దు, నూనె నీళ్లలో కలిసిపోయి తేలదు. ఇనుము, రాగి, ఇత్తడి పాత్రలు వద్దు, వాటి తాకిడికే నూనె ముక్కుతుంది. వేడి మీదే గుడ్డలో పిండి, తేలిన నూనెను వేరుచేసి, వేడినీళ్లతో రెండుసార్లు కడగండి. తర్వాత బుడగలు ఆగేదాకా కాచి తేమ తీయాలి. కిలో నూనెకు 200 మిల్లీగ్రాముల బీహెచ్‌టీ (నూనె ముక్కకుండా ఆపే మందు) కలిపి, వెలుతురు తగలని డబ్బాలో గాలి మిగలకుండా నింపండి.

ఆ రోజే ఉడికించడం కుదరకపోతే, పేగులను మెత్తగా చేసి 100 కిలోలకు 85 శాతం ఫార్మిక్ యాసిడ్ 3.5 కిలోలు ప్లాస్టిక్ డ్రమ్ములో కలపండి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 లోపే ఉండాలి. రోజూ కలియబెడితే కొద్ది రోజుల్లో ద్రవంగా మారుతుంది, నూనె పైకి తేలుతుంది.

కాస్టిక్ సోడా సంగతి: నూనెలో ఆమ్లం ఎంతుందో పరీక్ష చేయించి, లెక్కకట్టి వేసేది. చేతికొచ్చినంత వేస్తే మంచి నూనె కూడా సబ్బవుతుంది. సోడా అమ్మేవాడు ఐసు అమ్మడు కదా, ఐసు సంగతి ఎందుకు చెప్తాడు?

రొయ్య తలల్లోని ఎరుపు అస్టాజాంథిన్ అనే రంగు పదార్థం. ఎండబెడితే వెలుతురుకే పోతుంది. తాజా తలలు రుబ్బి, కిలోకు 2 కిలోల పొద్దుతిరుగుడు నూనెలో 70 డిగ్రీల దగ్గర 150 నిమిషాలుంచి వడకడితే రంగు నూనెలోకి దిగుతుంది. కానీ మీ కోళ్ల సొన పసుపుపచ్చగా ఉండడానికి ఇంత ఖర్చెందుకు? పసుపు రంగు మక్కలు చాలు.

చేప నూనె దాణాలో 1 శాతం దాటితే గుడ్డు నీచువాసన వేస్తుంది. ఇప్పటికే నల్లబడ్డ నూనె మాత్రం ఒక్క చుక్క కూడా కోళ్లకు పెట్టకండి, దాణాలోని విటమిన్ ఇ ని తినేస్తుంది. దాన్ని సబ్బు చేసేవాళ్లకు అమ్మండి. కాస్టిక్ సోడా వాళ్లే వేసుకుంటారు.