ఎర్రన ఎందుకు తగ్గాడు?

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. పత్రికవాళ్ళు కథను ఒక పేజీ తగ్గించమంటే "ఒక్క అక్షరం కూడా మార్చను" అని జవాబిచ్చావట. అలా రాసేటప్పుడు హుషారుగానే ఉంటుంది. కానీ ఆ తర్వాతైనా కథను మళ్ళీ చదివి చూశావా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. గర్వం వల్ల నలుగురితో చెడటం తర్వాతి సంగతి. ముందు మన వాక్యాన్ని మనం చదువుకోవడం మానేస్తాం.

నన్నయ 11వ శతాబ్దంలో భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా పూర్తిచేశాడు. నడుమ మిగిలిన ముక్క 14వ శతాబ్దంలో ఎర్రన చేతికొచ్చింది. ఆయనేమీ అనామకుడు కాదు, ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి. ఆ భాగాన్ని తన రాజు పేరన రాసుకుంటే అడ్డేవాళ్ళెవరు? అయినా నన్నయ చేత రాయించిన రాజరాజనరేంద్రుడి పేరనే ఉంచాడు. ఆ రాజు పోయి అప్పటికి మూడు వందల ఏళ్ళు కావస్తోంది! నన్నయ ఆగినచోట నన్నయలా ఎత్తుకుని, పోనుపోను తిక్కన ధోరణిలోకి తెచ్చి కలిపాడు. ఆ ఇద్దరినీ ఎంతగా చదివి ఉండాలి! నా దృష్టిలో వినయమంటే ఆ చదువే. శాలువా కప్పించుకుంటూ "నేనెంతవాణ్ణి" అనడం వేరే విద్య. అలా అన్నవాళ్ళే మర్నాడు సమీక్షలో ఒక్క విమర్శ కనిపిస్తే ఫోన్ అందుకోవడం చూశాను.

అలాగని ఎర్రన తనను తాను చిన్నబుచ్చుకోలేదు. ఆ పర్వం చివర తన పేరు చెప్పుకున్నాడు. తన హరివంశ కావ్యాన్ని వేమారెడ్డికే అంకితమిచ్చాడు.

ఇక నీ కథ. రెండో పేజీలో వాన వర్ణన బాగుంది. బాగుంది కాబట్టే వదల్లేకపోతున్నావు. కానీ తల్లి ఆస్పత్రికి పరిగెడుతుంటే మనల్ని చూరు కింద నిలబెట్టి చినుకులు చూపిస్తున్నావు. అది తీసేసి, ఒకసారి పైకి చదువుకో. సంపాదకుడికి రెండు ముక్కలు రాసి పంపు, సంజాయిషీలేం అక్కర్లేదు. నాలుగో పేజీలో తాత మాటలు మాత్రం ఎవరడిగినా మార్చకు. అవసరమైతే ఇంకో పత్రికకు పంపుదాం.

ఉంటాను,
అన్నయ్య