పాత డెస్క్‌టాప్‌ను సీసీ కెమెరాల రికార్డర్‌గా వాడొచ్చా?

మీరు అడిగింది ఇదీ: హార్డ్‌వేర్ షాపుకి, వెనక గోడౌన్‌కి కలిపి నాలుగు ఐపీ కెమెరాలు (నెట్‌వర్క్ ద్వారా వీడియో పంపేవి) పెట్టాలి. ఇంట్లో ఐ5 నాలుగో తరం డెస్క్‌టాప్ ఖాళీగా ఉంది, 8 జీబీ ర్యామ్. విడిగా ఎన్‌వీఆర్ (కెమెరాల వీడియోను రికార్డ్ చేసే పెట్టె) కొనకుండా దీంతోనే నెల రోజుల రికార్డింగ్ తక్కువ ఖర్చులో చేయొచ్చా?

చేయొచ్చండి. మా బావగారి ఎరువుల షాపులోనూ, మా ఇంట్లోనూ ఇలాంటివే నడుస్తున్నాయి. రెండూ నేనే బిగించాను. అయితే "ఈ ప్రాసెసర్ సరిపోతుందా" అని అందరూ ముందు అడుగుతారు. అసలు ఆలోచించాల్సింది హార్డ్ డిస్క్, కరెంటు, వైరింగ్ గురించి. డబ్బు అక్కడే పెట్టాలి.

ఎందుకంటే రికార్డింగ్ అనేది కంప్యూటర్‌కి చాలా తేలిక పని. ఐపీ కెమెరా వీడియోను తనలోనే కుదించి పంపుతుంది. కంప్యూటర్ ఆ వీడియోను విప్పకుండా, వచ్చింది వచ్చినట్టు డిస్క్ మీద రాసుకుంటే చాలు. మీ ఐ5కి నాలుగు కెమెరాలు లెక్కలోకే రావు. కదలికను పట్టుకోవడం, మనిషా కుక్కా అని గుర్తుపట్టడం మొదలుపెట్టినప్పుడే బరువు పడుతుంది, ఎందుకంటే అప్పుడు వీడియోను విప్పాలి. దానికీ దారి ఉంది. దాదాపు ప్రతి ఐపీ కెమెరా రెండు స్ట్రీములు ఇస్తుంది. పెద్దదాన్ని (మెయిన్ స్ట్రీమ్) రికార్డింగ్‌కి, చిన్నదాన్ని (సబ్ స్ట్రీమ్) గుర్తుపట్టడానికి వాడాలి. సబ్ స్ట్రీమ్ సెకనుకు 5 ఫ్రేములు ఉంటే చాలు.

మీ మెషీన్‌కి ఒక ముఖ్యమైన విషయం. హెచ్.264, హెచ్.265 అనేవి వీడియోను కుదించే పద్ధతులు, రెండోది ఎక్కువ కుదిస్తుంది. ఇంటెల్ నాలుగో తరం గ్రాఫిక్స్ హెచ్.264ను హార్డ్‌వేర్‌లో విప్పగలదు, హెచ్.265ను విప్పలేదు. ఆ సదుపాయం ఆరో తరం నుంచి వచ్చింది. కాబట్టి మెయిన్ స్ట్రీమ్ హెచ్.265లో పెట్టండి, డిస్క్ ఆదా అవుతుంది. సబ్ స్ట్రీమ్ మాత్రం హెచ్.264లోనే ఉంచండి. కెమెరా సెట్టింగుల్లో "స్మార్ట్ కోడెక్" లేదా పేరు చివర ప్లస్ గుర్తుతో ఏదైనా ఉంటే ఆపేయండి. అవి వీడియో ముక్కలు సరిగ్గా తెగకుండా చేస్తాయి, తర్వాత ప్లేబ్యాక్‌లో తికమక.

ఇప్పుడు డిస్క్ లెక్క. ఇది నోటికి వచ్చేలా గుర్తుపెట్టుకోండి: బిట్‌రేట్‌లో (కెమెరా సెకనుకు పంపే డేటా) ఒక్కో ఎంబీపీఎస్‌కి రోజుకు 10.8 జీబీ. 1080పీ కెమెరాకు హెచ్.265లో 2 ఎంబీపీఎస్ పెడితే రోజుకు 21.6 జీబీ, నాలుగింటికి 86.4 జీబీ. 2 టీబీ డిస్క్‌లో దాదాపు 23 రోజులు పడుతుంది. 30 రోజులకు 2.6 టీబీ కావాలి, అంటే 4 టీబీ డిస్క్ తీసుకోవాలి. అదే కెమెరాలను హెచ్.264లో 4 ఎంబీపీఎస్ మీద వదిలేస్తే నెలకు 5 టీబీ దాటిపోతుంది. ఒక్క సెట్టింగ్‌తో డిస్క్ ఖర్చు రెట్టింపు అవుతుందన్నమాట. 2 టీబీతోనే సరిపెట్టాలనుకుంటే ఇంకో పద్ధతి ఉంది: మొదటి వారం మొత్తం ఉంచి, ఆ తర్వాత కదలిక ఉన్న భాగాలు మాత్రం 30 రోజులు ఉంచడం. రాత్రి ఎనిమిదికి షట్టర్ దించేసే షాపుకి ఇది చక్కగా కుదురుతుంది. బావగారి షాపులో ఇలాగే పెట్టాను.

30 రోజులు అన్నది మంచి లెక్కే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో తెచ్చిన ప్రజా భద్రత చట్టం జనం ఎక్కువగా వచ్చే సంస్థలను కెమెరాలు పెట్టి 30 రోజుల ఫుటేజ్ దాచమంటుంది. ఒకేసారి వందమంది పోగయ్యే చోట్ల కోసం చేసిన చట్టం అది, మీ షాపు దాని కిందికి రాకపోవచ్చు. కానీ గోడౌన్‌లో సరుకు తగ్గిందని స్టాక్ చూసే రోజున కదా తెలిసేది. అప్పటికి మూడు వారాలు గడిచిపోయి ఉంటాయి.

డిస్క్ మాత్రం పాత కంప్యూటర్‌లో ఉన్నదే వాడకండి. ఇరవై నాలుగు గంటలూ రాస్తూనే ఉండాలి కాబట్టి డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటి నిఘా డిస్కులు తీసుకోండి. నేను కొన్నప్పుడు 2 టీబీ ఐదున్నర వేల దాకా పడింది, ఇప్పుడు ధర ఎంతుందో చూసుకోండి. ఆపరేటింగ్ సిస్టమ్‌కి చిన్న ఎస్‌ఎస్‌డీ విడిగా పెట్టండి. రికార్డింగ్ డిస్క్ పోయినా సిస్టమ్ లేస్తుంది, మీకు తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ సంగతి. నేను డెబియన్ లినక్స్ వేసి, డాకర్‌లో (ప్రోగ్రాములను విడిగా నడిపే సాధనం) ఫ్రిగేట్ అనే రికార్డింగ్ ప్రోగ్రాం నడుపుతున్నాను. ఉచితం, ఓపెన్ సోర్స్. మనిషి, వాహనం, కుక్క అని గుర్తుపడుతుంది. ఇది మన ఊళ్ళలో ఎంత అవసరమో రాత్రిపూట తెలుస్తుంది. కెమెరా ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకి పురుగులు వస్తాయి, పురుగుల కోసం బల్లి వస్తుంది, పక్కనే సాలీడు గూడు కడుతుంది. ఉత్త కదలిక మీద అలర్ట్ పెడితే తెల్లవార్లూ ఫోన్ మోగుతూనే ఉంటుంది. నాలుగో రోజుకి ఎవరైనా నోటిఫికేషన్లు ఆపేస్తారు, ఇక కెమెరా ఉండీ లేనట్టే. మనిషి కనిపిస్తేనే చెప్పమంటే ఆ టెన్షన్ చాలా వరకు తగ్గుతుంది. ఈ గుర్తుపట్టే పనిని ఇంటెల్ ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ మీదకి నెట్టడం ఆరో తరం నుంచే కుదురుతుంది. మీ దాంట్లో ప్రాసెసరే చేయాలి. నాలుగు సబ్ స్ట్రీములకు లాగుతుంది, కాకపోతే వేడెక్కుతుంది. ముందు ఫ్యాన్‌లో దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ కొత్తగా వేయించండి. లినక్స్ అలవాటు లేకపోతే విండోస్‌లో బ్లూ ఐరిస్ అనే ప్రోగ్రాం ఉంది, డబ్బు కట్టాలి. అప్‌డేట్ల కోసం విండోస్ తనంతట తాను రీస్టార్ట్ అవ్వకుండా చూసుకోవాలి.

కరెంటు బిల్లు చాలామంది లెక్కేయరు. పాత డెస్క్‌టాప్ 50 వాట్లు లాగితే నెలకు 36 యూనిట్లు. షాపు మీటర్ కమర్షియల్ కదా, ఏడాదికి చూసుకుంటే చిన్న మొత్తమేమీ కాదు. అందులో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే తీసేయండి. బావగారి షాపులో సెకండ్ హ్యాండ్ మినీ పీసీ పెట్టాను, అది 12 వాట్ల దగ్గర ఉంటుంది, నెలకు 9 యూనిట్ల లోపే. నిజం చెప్పాలంటే, మీకు కావాల్సింది ఉత్త రికార్డింగ్ ఒక్కటే అయితే, ఆ డెస్క్‌టాప్ లేకపోయి ఉంటే, నాలుగు ఛానళ్ళ ఎన్‌వీఆరే కొనుక్కోమనేవాణ్ణి. మనిషిని గుర్తుపట్టడం కావాలి, కంప్యూటర్ చేతిలో ఉంది, కాస్త ఓపిక ఉంది అంటేనే ఈ దారి లాభం.

కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్యూటర్ తనంతట తాను ఆన్ అవ్వాలి. బయోస్‌లోకి వెళ్ళి, కరెంటు వచ్చాక పవర్ ఆన్ అయ్యే ఆప్షన్ పెట్టండి. షాపు మూసి ఉన్నప్పుడు బటన్ నొక్కడానికి ఎవరుంటారు? 600 వీఏ యూపీఎస్ ఒకటి తప్పనిసరి. ఇన్వర్టర్ ఉన్నా సరే, అది మారే క్షణంలో డెస్క్‌టాప్ రీస్టార్ట్ అయ్యే అవకాశం ఉంది. నెట్‌వర్క్ కేబుల్‌లోనే కెమెరాలకు కరెంటిచ్చే పీఓఈ స్విచ్ కూడా అదే యూపీఎస్ మీద ఉండాలి, లేకపోతే కంప్యూటర్ బతికి ఉంటుంది, కెమెరాలు ఉండవు.

వైరు విషయంలో మొహమాటపడకండి. మార్కెట్లో చవగ్గా దొరికే నెట్‌వర్క్ కేబుల్ చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత. పగలంతా బాగానే పనిచేస్తుంది. చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది, దూరం ఎక్కువుంటే వోల్టేజ్ పడిపోయి రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. సరిగ్గా అవసరమైన వేళకే బొమ్మ ఉండదు. అసలు రాగి క్యాట్6 అని పెట్టె మీద చూసి, కొస కత్తితో గీకి చూసి తీసుకోండి. స్విచ్ నుంచి కెమెరాకి 100 మీటర్లు దాటకూడదు.

ఇంటర్నెట్ వైపు ఒకటే మాట: రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి నేరుగా లోపలికి దారి తెరవడం) చేయొద్దు. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (హ్యాకర్ల చేతిలో పడిన పరికరాల గుంపు) ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తో వదిలేసిన కెమెరాలను, డీవీఆర్ రికార్డర్లను లక్షల్లో పట్టుకుంది. వాటితో అదే ఏడాది అక్టోబరు 21న, వెబ్‌సైట్ల చిరునామాలు చూపించే డైన్ సంస్థ మీద జరిగిన దాడిలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లే ఆగిపోయాయి. ఇంటి నుంచి చూడాలంటే టెయిల్‌స్కేల్ గానీ వైర్‌గార్డ్ గానీ (రెండూ మీకు మాత్రమే తెరుచుకునే రహస్య దారి, వీపీఎన్) పెట్టుకోండి. టెయిల్‌స్కేల్ అయితే పబ్లిక్ ఐపీ లేని ఫైబర్ కనెక్షన్‌లోనూ పనిచేస్తుంది. నేనైతే కంప్యూటర్‌కి రెండో లాన్ కార్డు వేసి, కెమెరాలను ఆ వైపే ఉంచాను. వాటికి ఇంటర్నెట్ అసలు తగలదు. అప్పుడు కెమెరాల గడియారం తప్పిపోతుంది కాబట్టి కంప్యూటర్‌నే టైమ్ సర్వర్‌గా పెట్టాలి. క్రోనీ అనే ప్రోగ్రాంతో అది సులువు.

టైము గురించి పట్టుబట్టడానికి కారణం ఉంది. పోలీసులకు ఇచ్చే ఫుటేజ్‌లో టైము పదిహేను నిమిషాలు తేడా ఉంటే ముందు దాని మీదే ప్రశ్నలు వస్తాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపడానికి దాని నుంచే లెక్కకట్టే కోడ్) రాయాలి. లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256 హాష్ ఒక్క కమాండ్‌తో వస్తుంది. క్లిప్ తీసిన వెంటనే ఆ విలువ రాసిపెట్టుకోండి, అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లో విడిగా దాచండి.

కంప్యూటర్‌ను గల్లాపెట్టె పక్కన పెట్టకండి. బావగారి షాపు వరసలోనే ఒక షాపులో దొంగలు నగదుతో పాటు రికార్డర్‌ను కూడా పట్టుకెళ్ళారు. అటక మీదో, తాళం వేసే గదిలోనో గాలి ఆడేలా పెట్టండి. ముఖ్యమైన క్లిప్పులు ఇంట్లో ఇంకో డిస్క్‌కి రాత్రిపూట కాపీ అయ్యేలా చూడండి. వారానికోసారి ముందు రాత్రి రెండు గంటలప్పటి రికార్డింగ్ తెరిచి చూడండి. లైవ్ కనిపిస్తోంది కదా అంటే రికార్డ్ అవుతోందని కాదు.

కెమెరాలు ఇంకా కొనలేదు కాబట్టి, ఆర్‌టీఎస్‌పీ, ఓన్‌విఫ్ (వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి కూడా వీడియో ఇచ్చే పద్ధతులు) రెండూ ఉన్నాయని డబ్బాపైన చూశాకే తీసుకోండి. యాప్‌లో మాత్రమే కనిపించే వైఫై కెమెరాలు, బ్యాటరీ కెమెరాలు ఈ పనికి రావు. ఏ మోడల్ అనుకుంటున్నారో రాస్తే, దాని స్ట్రీమ్ అడ్రస్, బిట్‌రేట్ సెట్టింగులు ఇక్కడే చెప్తాను.