అమ్మకూ నాకూ క్రియాటినిన్ ఒకటే. కిడ్నీలూ ఒకేలా ఉన్నట్టా?

ప్రశ్న: మా అమ్మగారికి 62 ఏళ్లు. 12 ఏళ్లుగా మధుమేహం ఉంది. మనిషి బాగా సన్నం, బరువు 43 కిలోలు. ఈమధ్య ఇద్దరం రక్తపరీక్ష చేయించుకుంటే ఆమెకూ, 30 ఏళ్ల నాకూ క్రియాటినిన్ 1.1 అనే వచ్చింది. ఆమె మూత్రపరీక్షలో ఆల్బుమిన్ ‘నిల్’ అని రాశారు. ఇంకా ఏమైనా పరీక్షలు అవసరమా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: అవసరమే. అంకె ఒకటే అయినా దాని అర్థం మీ ఇద్దరికీ ఒకటి కాదు. క్రియాటినిన్ కండరాల్లో నిత్యం తయారయ్యే వ్యర్థపదార్థం; మూత్రపిండాలు దాన్ని రక్తంలోంచి వడపోసి బయటికి పంపుతాయి. కండపుష్టి గల యువకుడిలో అది ఎక్కువగా తయారవుతుంది కనుక 1.1 ఉండటం సహజం. మీ అమ్మగారి ఒంట్లో తయారయ్యేదే తక్కువ. అయినా రక్తంలో అంత నిలిచి ఉందంటే వడపోత మందగించిందేమోనని అనుమానించాలి.

అందుకే వయసును, స్త్రీపురుష భేదాన్ని కూడా కలిపి వడపోత వేగాన్ని అంచనా వేస్తారు. రిపోర్టుల్లో ఈజీఎఫ్ఆర్ అని ఉండేది ఇదే. 2021 నాటి సీకేడీ-ఎపీ సూత్రం ప్రకారం అది మీకు సుమారు 93, మీ అమ్మగారికి సుమారు 57 వస్తుంది. ఈ విలువ 60 కన్నా తక్కువగా 3 నెలలకు పైగా కొనసాగితే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా పరిగణిస్తారు. ఒక్క రిపోర్టు చూసి ఆ నిర్ణయానికి రాకూడదు. పరీక్షకు ముందు మాంసాహారం ఎక్కువగా తిన్నా, వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా క్రియాటినిన్ పెరిగి కనిపిస్తుంది. మరీ సన్నగా ఉన్నవారిలో ఈ లెక్క కూడా ఉన్నదానికన్నా మెరుగ్గా చూపవచ్చు కనుక, కండరాలతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్-సి పరీక్షను డాక్టరు సూచించవచ్చు.

ఇక ‘నిల్’ అన్న మాటను పూర్తిగా నమ్మకండి. రంగు మారే పట్టీని మూత్రంలో ముంచి చూసే పరీక్ష, మధుమేహం వల్ల తొలిదశలో కొద్దికొద్దిగా పోయే ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను చాలాసార్లు పట్టుకోలేదు. దానికి ఏసీఆర్, అంటే మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్‌ల నిష్పత్తి చూడాలి. ఇది గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే సాధారణం. 300 దాటితే నష్టం ఎక్కువగా ఉన్నట్టు. ఉదయం లేవగానే పోసిన మూత్రాన్ని ఇవ్వడం మేలు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఈ పరీక్ష వాయిదా వేసుకోవాలి. టైప్-2 మధుమేహం ఉన్నవారు దీన్ని ఈజీఎఫ్ఆర్‌తో పాటు ఏటా చేయించుకోవాలి.

మూత్రపరీక్ష బాగుందని రక్తపరీక్ష మానేయడమూ పొరపాటే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బులో చాలామందికి మూత్రంలో ప్రొటీన్ అంతగా పోకుండానే వడపోత తగ్గిపోతుంది.

మీ అమ్మగారు మోకాళ్ల నొప్పులకు డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు వాడుతుంటే ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పండి. అవి కిడ్నీలకు హాని చేయగలవు. మధుమేహం మందులు మాత్రం సొంతంగా ఆపవద్దు. ఆమె పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి. రెండేళ్ల కిందట కూడా 1.1 ఉంటే కొంత నిదానించవచ్చు, అప్పుడు 0.7 ఉంటే మూడు నెలలు ఆగకుండా ఈ వారమే నెఫ్రాలజిస్టును కలవాలి.