మెస్సీకి గోల్డెన్ బాల్ న్యాయమేనా? ఇద్దర్నీ ఒకే స్టేడియంలో చూసినవాడిగా నా జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "2022 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపెవే. ఫైనల్లో హ్యాట్రిక్ (మూడు గోల్స్) కూడా కొట్టాడు. అయినా ఉత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్ అర్జెంటీనా మెస్సీకి ఎందుకిచ్చారు? మ్యాచ్ సమమై పెనాల్టీ షూటౌట్‌లో బయటపడ్డ అర్జెంటీనా నిజంగా కప్పుకు తగిన జట్టేనా?"

నా జవాబు ముందే చెప్తాను. కప్పు న్యాయంగానే వచ్చింది, గోల్డెన్ బాల్ కూడా న్యాయంగానే వచ్చింది. అన్యాయం జరిగింది ఉత్తమ ఆటగాళ్లలో మూడో స్థానం దగ్గర. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఆ సంవత్సరం నేను దోహాలో ఏసీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఇండస్ట్రియల్ ఏరియాలో క్యాంపు, రూములో ఆరుగురం. నేను, మా జిల్లా తమ్ముడొకడు, మలప్పురం నుంచి వచ్చిన చేట్టా (మలయాళంలో అన్న), ఇద్దరు నేపాలీలు, ఒక బంగ్లాదేశీ అన్న. చేట్టాకు అర్జెంటీనా అంటే ప్రాణం. బంగ్లాదేశీ అన్న బ్రెజిల్ మనిషి. మా తమ్ముడు ఎంబాపె ఫోటోనే ఫోన్ మీద పెట్టుకున్నాడు. నాకు అప్పటిదాకా క్రికెట్ తప్ప వేరే ఆట పెద్దగా తెలియదు. అందుకని ఆ నెల రోజులూ ఎవరి పక్షమూ లేకుండా చూశాను. వాదనలు మాత్రం పొద్దున డ్యూటీ బస్సులో మొదలై రాత్రి లైట్లు ఆర్పేదాకా నడిచేవి.

ఖతర్‌లో ఉండేవాళ్లకని గ్రూప్ మ్యాచ్‌లకు 40 రియాల్స్ టికెట్లు పెట్టారు. మా రూములో అందరం ఫోన్లు పట్టుకుని రోజుల తరబడి ప్రయత్నిస్తే నాకు రెండు మ్యాచ్‌లు దొరికాయి. నవంబర్ 26న ఫ్రాన్స్, డెన్మార్క్. నవంబర్ 30న పోలండ్, అర్జెంటీనా. రెండూ స్టేడియం 974లోనే. షిప్పింగ్ కంటైనర్లతో సముద్రం పక్కన కట్టిన స్టేడియం అది. ఎనిమిది స్టేడియాల్లో ఏసీ లేనిది అదొక్కటే, అందుకే అక్కడ మ్యాచ్‌లన్నీ సాయంత్రం తర్వాతే పెట్టారు. నా పని అదే కాబట్టి లోపలికి వెళ్లగానే ముందు చూసింది దాన్నే. సముద్రం గాలి చాలినంత వచ్చింది.

నా సీటు గోల్ వెనక, బాగా పైన. టీవీలో కెమెరా బంతి వెంట పోతుంది. అంత పైనుంచి చూస్తే బంతి లేనివాడు ఏం చేస్తున్నాడో కూడా కనబడుతుంది. నా అభిప్రాయం మొత్తం అక్కడే తయారైంది.

డెన్మార్క్ మ్యాచ్‌లో ఎంబాపె ఎడమ గీత దగ్గర నడుము మీద చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడేవాడు. బంతి వచ్చిందంటే మాత్రం స్టేడియం మొత్తం ఒక్కసారి లేచేది. 61వ నిమిషంలో తన జట్టు తెయో హెర్నాండెజ్‌కు ఇచ్చి, తిరిగి తీసుకుని గోల్ కొట్టాడు. డెన్మార్క్ సమం చేసింది. 86వ నిమిషంలో ఫ్రాన్స్ ఆటగాడు గ్రీజ్‌మన్ కుడివైపు నుంచి వేసిన బంతిని తొడతో లోపలికి నెట్టాడు. ఫ్రాన్స్ 2-1. అలాంటి వేగం నేను మనిషిలో ఎప్పుడూ చూడలేదు. మా తమ్ముడి పక్షం కరెక్టే అనుకుంటూ ఆ రాత్రి మెట్రో ఎక్కాను.

నాలుగు రోజుల తర్వాత మెస్సీ వచ్చాడు. నాకు వింతగా అనిపించింది ఏంటంటే, ఆయన నడుస్తున్నాడు. మిగతా ఇరవై మంది పరుగులు పెడుతుంటే ఆయన నడుస్తూ తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. పొలం గట్టు మీద నిలబడి నీళ్లు ఎక్కడికి పారుతున్నాయో చూసే రైతులా. కాసేపటికి నాకూ అర్థమైంది. పోలండ్ వాళ్లు ఆయన ఎటు కదిలితే అటు జరుగుతున్నారు, వాళ్ల వెనక ఎక్కడో ఒకచోట ఖాళీ ఏర్పడుతోంది. అర్జెంటీనా వాళ్లు మాక్ అలిస్టర్, ఎంజో, ఆల్వారెజ్ ఆ ఖాళీల్లోకి దూరుతున్నారు.

39వ నిమిషంలో అర్జెంటీనాకు పెనాల్టీ ఇచ్చారు, అంటే గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండగా కొట్టే కిక్. నిజం చెప్పాలంటే అది ఇవ్వాల్సిన పెనాల్టీ కాదు. పోలండ్ గోల్‌కీపర్ చెయ్యి మెస్సీ ముఖానికి తగిలిందంతే. మెస్సీ కొట్టాడు, గోల్‌కీపర్ షెస్నీ ఆపేశాడు. మొదటి మ్యాచ్‌లో సౌదీ చేతిలో 2-1తో ఓడిన జట్టు అర్జెంటీనా, ఇక్కడ ఓడితే ఇంటిదారి పట్టాల్సి వచ్చేది. నాకే టెన్షన్ వచ్చింది. అయినా ఆ తర్వాతి నిమిషంలోనే బంతి మళ్లీ ఆయన దగ్గరికే వచ్చింది. తప్పు చేసిన మనిషి దగ్గరికి బంతి పంపడానికి ఒక్కడూ వెనకాడలేదు, తీసుకోవడానికి ఆయనా వెనకాడలేదు. రెండో సగం మొదలవగానే మాక్ అలిస్టర్ ఒకటి, తర్వాత ఆల్వారెజ్ ఒకటి, 2-0. స్కోరుబోర్డులో మెస్సీ పేరు లేదు, కానీ నేను ఆ రాత్రి చూసింది మెస్సీ మ్యాచే.

ఇప్పుడు లెక్కలకు వద్దాం. మా రూములో రోజూ ఇక్కడే గొడవయ్యేది.

ఎంబాపె 8 గోల్స్, 2 అసిస్ట్‌లు (గోల్‌కు ముందు ఇచ్చిన చివరి పాస్‌లు). మెస్సీ 7 గోల్స్, 3 అసిస్ట్‌లు. ఇద్దరివీ పది పదే. ఎంబాపెకు గోల్డెన్ బూట్ వచ్చింది, ఎందుకంటే అది గోల్స్ లెక్క పెట్టి ఇచ్చే బహుమతి. గోల్డెన్ బాల్ అలా కాదు, టోర్నీ మొత్తంలో ఎవరు బాగా ఆడారో చూసి ఇచ్చేది. ఎక్కువ గోల్స్ కొట్టినవాడికే రెండూ ఇచ్చేటట్టయితే రెండు బహుమతులు ఎందుకు?

"మెస్సీవి నాలుగు పెనాల్టీలు" అని మా తమ్ముడు ప్రతిసారీ అనేవాడు. నిజమే, కాదనను. పెనాల్టీలు తీసేస్తే మెస్సీవి మూడు, ఎంబాపెవి ఆరు. వాదనలో ఆ వైపు ఉన్న గట్టి మాట అదొక్కటే, దాన్ని పక్కన పెట్టేసి మాట్లాడడం సరికాదు. కానీ నాకౌట్ మ్యాచ్‌లు ఒక్కొక్కటిగా చూడండి. ఎంబాపె పోలండ్ మీద రెండు కొట్టి చెలరేగాడు. ఇంగ్లండ్ మీద క్వార్టర్స్‌లో గోల్ లేదు, అసిస్ట్ లేదు. మొరాకోతో సెమీస్‌లో గోల్ లేదు, కాకపోతే ఆయన కొట్టిన షాట్ తగిలి పక్కకు పోయిన బంతినే ఫ్రాన్స్ ఆటగాడు కోలో మువానీ గోల్ చేశాడు. ఫైనల్లో మూడు. మెస్సీ మాత్రం ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్, క్రొయేషియా, ఫ్రాన్స్, నాలుగింటిలోనూ గోల్ కొట్టాడు. గ్రూప్ దశ, రౌండ్ ఆఫ్ 16, క్వార్టర్స్, సెమీస్, ఫైనల్, ఈ అయిదింటిలోనూ ఒకే వరల్డ్ కప్‌లో గోల్ చేసినవాడు అంతకుముందు ఎవరూ లేరు. అప్పటికి ఆయన వయసు 35.

అసలు ఆయన అసిస్ట్‌లు చూడాలి. నెదర్లాండ్స్ మీద తన జట్టు మొలీనాకు ఇచ్చిన పాస్: ఆయన అటువైపు చూడను కూడా చూడలేదు, ముందు ముగ్గురు నలుగురు డిఫెండర్లు, వాళ్ల మధ్య నుంచి బంతి సూది బెజ్జంలోకి దారంలా పోయింది. క్రొయేషియా మీద గ్వార్డియోల్‌ను కుడి గీత వెంట లాక్కుంటూ పోయి, తిరిగి, మళ్లీ తిరిగి, ఆల్వారెజ్‌కు ఇచ్చిన బంతి. గ్వార్డియోల్ ఆ టోర్నీలో అందరికంటే మంచి డిఫెండర్లలో ఒకడు, మెస్సీ కంటే దాదాపు పదిహేనేళ్లు చిన్నవాడు. ఆ గోల్ పడినప్పుడు మా చేట్టా అరవలేదు, రెండు చేతులూ తల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

ఇక ఫైనల్. డిసెంబర్ 18, ఖతర్ నేషనల్ డే, మాకు సెలవు. ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంలో పెద్ద స్క్రీన్ పెట్టారు. క్యాంపుల్లో ఉండేవాళ్లందరం అక్కడికే. మ్యాచ్ జరుగుతున్న లుసైల్ స్టేడియంలో 88,966 మంది. ఆ స్టేడియాల్ని కట్టిన వేలమందిలో కొందరు మా చుట్టూ గడ్డి మీద కూర్చుని ఉన్నారు, వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. మ్యాచ్ మొదలయ్యే ముందు ఒక నిజామాబాద్ పెద్దాయన స్క్రీన్ వైపు వేలు చూపి, "ఆ పైకప్పు పనిల నేనూ ఉన్న తమ్మీ" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అర్జెంటీనా తగిన జట్టేనా అని అడిగారు కదా. మొదటి సగంలో ఫ్రాన్స్ ఒక్క షాట్ కూడా కొట్టలేదు. వరల్డ్ కప్ ఫైనల్లో, అప్పటి ఛాంపియన్లు! 41వ నిమిషంలోనే ఫ్రాన్స్ కోచ్ దెషాంప్స్ ఇద్దర్ని మార్చేయాల్సి వచ్చింది, జిరూ, డెంబెలే. డి మరియాను ఎడమవైపు పెట్టడం అర్జెంటీనా కోచ్ స్కలోని వేసిన ఎత్తు, దానికి ఫ్రాన్స్ దగ్గర మందు లేకపోయింది. అర్జెంటీనా రెండో గోల్ మళ్లీ చూడండి. సగం గీత దగ్గర మెస్సీ ఒక్క తాకుతో ఆల్వారెజ్‌కు తిప్పాడు, ఆల్వారెజ్ మాక్ అలిస్టర్‌కు, అతను డి మరియాకు. నా లెక్కలో ఆ టోర్నీకే అందమైన గోల్ అది. మెస్సీకి అందులో అసిస్ట్ కూడా రాయలేదు.

80వ నిమిషంలో పెనాల్టీ, 81లో ఇంకో గోల్, రెండూ ఎంబాపెవే. ఎంబాపె రెండో గోల్ మొదలైంది ఫ్రాన్స్ ఆటగాడు కోమన్ మెస్సీ కాళ్ల దగ్గర బంతి లాగేసుకోవడంతో. మెస్సీ పక్షాన మాట్లాడేవాళ్లు ఈ సంగతి ఎత్తరు, నేను ఎత్తుతున్నాను. ఆ వాలీ (గాల్లో ఉన్న బంతిని కొట్టడం) ఎంబాపెకే చెల్లింది. మా తమ్ముడు చొక్కా విప్పి తిప్పుతున్నాడు, చేట్టా నేల చూస్తున్నాడు. 108లో మెస్సీ, 118లో మళ్లీ ఎంబాపె, 3-3. పురుషుల వరల్డ్ కప్ ఫైనల్లో హ్యాట్రిక్ కొట్టినవాడు అంతకుముందు ఒక్కడే, 1966లో ఇంగ్లండ్ ఆటగాడు జెఫ్ హర్స్ట్. ఎంబాపె అంతటి పని చేసి, షూటౌట్‌లో కూడా మొదటి కిక్ లోపలికి కొట్టి, చివరికి ఓడిపోయాడు. ఆ రాత్రి అతన్ని చూసి నేను బాధపడ్డాను. ఆ ఒక్క మ్యాచ్‌కు బెస్ట్ ప్లేయర్ ఎవరంటే నా ఓటు అతనికే. కానీ మనం మాట్లాడుతున్నది ఏడు మ్యాచ్‌ల గురించి.

షూటౌట్ అంటే లాటరీ అని కొందరు అంటారు. 123వ నిమిషంలో కోలో మువానీ ఒంటరిగా వచ్చి కొట్టిన బంతిని అర్జెంటీనా గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్ ఎడమ కాలు చాపి ఆపింది లాటరీ కాదు. తర్వాత కోమన్ కిక్ ఆపిందీ ఆయనే. నెదర్లాండ్స్ మీద షూటౌట్‌లో రెండు ఆపిందీ ఆయనే. గోల్‌కీపర్ కూడా జట్టులో భాగమే కదా. 4-2 అని పడగానే మా చుట్టూ గడ్డి మీద కూర్చున్న జనమంతా ఒక్క ఉదుటున లేచారు. ఏ దేశంవాడు ఎవర్ని కౌగిలించుకుంటున్నాడో తెలియలేదు.

ఇంకో సంగతి. ఓడిన జట్టువాడికి గోల్డెన్ బాల్ ఇవ్వకూడదనే రూల్ ఏమీ లేదు. 1998లో బ్రెజిల్ రొనాల్డో, 2002లో ఆలివర్ కాన్, 2006లో జిదాన్, 2010లో ఫోర్లాన్, 2014లో మెస్సీ, 2018లో మోడ్రిచ్: ఆరుసార్లు వరుసగా కప్పు గెలవనివాళ్లకే వచ్చింది. 1994లో రొమారియో తర్వాత కప్పూ గోల్డెన్ బాలూ రెండూ పట్టుకున్నవాడు మళ్లీ 2022లో మెస్సీయే. కాబట్టి "గెలిచారు కాబట్టి ఇచ్చేశారు" అనే మాట నిలబడదు. 2014లో మెస్సీకి ఇచ్చినప్పుడు చాలామంది తప్పుపట్టారు, ఆ మాటలో కొంత న్యాయం ఉంది. ఈసారి అలా కాదు.

ఇక మూడో స్థానం. మూడో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రాంజ్ బాల్ క్రొయేషియా ఆటగాడు మోడ్రిచ్‌కు ఇచ్చారు. ఆయన గొప్పవాడే, 37 ఏళ్ల వయసులో ఆ ఆట ఆడడం మామూలు విషయం కాదు. కానీ ఆ సంవత్సరం మూడో వ్యక్తి నాకు గ్రీజ్‌మన్. డెన్మార్క్ మ్యాచ్‌లో పైనుంచి చూసినప్పుడు, ఎంబాపె ముందు నిలబడి ఉంటే వెనక పరిగెత్తి ఆ ఖాళీలు పూడ్చింది గ్రీజ్‌మనే. ఫార్వర్డ్ అయినవాడిని మిడ్‌ఫీల్డ్‌లో ఆడించారు. ఒక నిమిషం సొంత బాక్స్‌లో కాలు అడ్డం పెట్టి, ఇంకో నిమిషంలో అవతలి బాక్స్ దగ్గర పాస్ ఇచ్చేవాడు. ఇంగ్లండ్ మీద ఫ్రాన్స్ కొట్టిన రెండు గోల్స్‌కూ అసిస్ట్ ఆయనదే. టోర్నీలో ఒక్క గోల్ కూడా లేదు కాబట్టి పేరు ఎవరికీ గుర్తుండదు.

మా సైట్‌లో ఒక మొరాకో డ్రైవర్ ఉండేవాడు. బెల్జియం, స్పెయిన్, పోర్చుగల్‌ను దాటి వాళ్ల జట్టు సెమీస్‌కు వచ్చిన వారం ఆయన మాకందరికీ పుదీనా టీ పోశాడు. ఆఫ్రికా నుంచి సెమీస్ దాకా వచ్చిన మొదటి జట్టు వాళ్లదే. నేను గ్రీజ్‌మన్ పేరు చెప్తే ఆయన ఒప్పుకోలేదు. "అమ్రాబత్" అని తమ జట్టు మిడ్‌ఫీల్డర్ పేరు చెప్పాడు. సెమీస్‌లో ఎంబాపె వెంట పడి పరిగెత్తి బంతి లాక్కున్న అమ్రాబత్ వీడియో ఫోన్‌లో తీసి, స్టీరింగ్ మీద పెట్టి, మూడుసార్లు చూపించాడు. మూడోసారి చూశాక నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ బ్రాంజ్ విషయంలో నా మనసు ఆ ఇద్దరి మధ్యే కొట్టుకుంటోంది.