182 రోజులు దాటకపోతే ఎన్నారైనేనా? డిసెంబరులో గల్ఫ్ నుంచి వచ్చేసినవాళ్ల లెక్క

ప్రశ్న ఇదీ: బావగారు 2022 సెప్టెంబరు మొదటివారంలో ఉద్యోగానికి దుబాయ్ వెళ్లారు. 2025 డిసెంబరు 10న అన్నీ సర్దుకుని వచ్చేశారు. మార్చి ఆఖరుకి 182 రోజులు కాలేదు కాబట్టి 2025-26కి ఎన్నారైనేనా?

కాదండీ. రెసిడెంటే. పైగా మామూలు రెసిడెంటు, అంటే ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపించాల్సిన రకం.

182 అన్న అంకె ఒక్కటే యూట్యూబు పుణ్యమా అని అందరికీ నోటికొచ్చేసింది. దాని పక్కనే రెండో షరతు ఉంది: ఆ ఆర్థిక సంవత్సరంలో 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఇండియాలో ఉన్నా రెసిడెంటే. ఉద్యోగానికి విదేశం వెళ్లిన ఏడాది ఈ 60 కాస్తా 182 అవుతుంది. బయట ఉంటున్న భారతీయుడు చుట్టపుచూపుగా వచ్చినప్పుడూ అంతే. కాకపోతే విదేశీ ఆదాయం తీసేశాక ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటితే 120 రోజులే గడువు. పూర్తిగా తిరిగొచ్చేయడం చుట్టపుచూపు కిందికి రాదు, అందుకని 60 పట్టుకుని లెక్కేసుకోవడమే క్షేమం.

ఇక లెక్క. డిసెంబరులో 22, జనవరి 31, ఫిబ్రవరి 28, మార్చి 31, మొత్తం 112. మధ్యలో సెలవుకొచ్చి ఉంటే అవీ కలపాలి. వెనక నాలుగేళ్లలో మొదటిది 2021-22. ఆ ఏడాదంతా ఇక్కడే ఉన్నారు కాబట్టి 365 దాంతోనే నిండిపోయింది. వెనక పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్-రెసిడెంటుగా ఉన్నా, వెనక ఏడేళ్లలో 729 రోజులకు మించి ఇక్కడ లేకపోయినా 'నాట్ ఆర్డినరీ', అంటే మామూలు కాని రెసిడెంటు కింద విదేశీ జీతం మీద పన్ను తప్పేది. మూడేళ్లే బయట ఉన్న మనిషికి ఆ రెండూ అందవు. అదే పన్నెండేళ్లుగా దుబాయ్‌లో ఉండి, ఏటా నెలరోజులు సెలవుకొచ్చి వెళ్లిన కరీంనగర్ మనిషికైతే ఇదే డిసెంబరు 10 అయినా ఏ ఇబ్బందీ లేదు. నాలుగేళ్లవీ కూడినా 365 రావు.

ఆ ఏడాది బావగారు అసలు సెలవుకే రాకుండా 2026 ఫిబ్రవరి 1న దిగి ఉంటే 59 రోజులే, నాన్-రెసిడెంటు. జనవరి 31న దిగితే 60, రెసిడెంటు. ఒక్క రోజుతో తారుమారు. లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 1 కూడా పనికిరాదు. దిగిన రోజు లెక్కలోకి రాదని కొన్ని ట్రిబ్యునళ్లు అన్నమాట నిజమే గానీ, దాన్ని నమ్ముకుని టికెట్ తీయకండి. అర్ధరాత్రి ఫ్లైటైతే శంషాబాద్‌లో పడిన స్టాంపు తేదీ చూసుకోండి, టికెట్ మీద ఉన్నది కాదు. స్మార్ట్ గేట్లలో వెళ్లినవాళ్లకి స్టాంపే ఉండకపోవచ్చు. యూఏఈ ఇమిగ్రేషన్ వాళ్ల రాకపోకల రిపోర్టు ఆన్‌లైన్‌లో తీసిపెట్టుకోండి.

పన్ను ఎంత పడుతుంది? ఏప్రిల్ నుంచి వచ్చేదాకా జీతం 6 లక్షలైతే, వేరే ఆదాయం లేకపోతే, కొత్త విధానంలో సున్నా. 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేకుండా చేసే రిబేటు రెసిడెంట్లకే కదా. 19 లక్షలైతే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోను సెస్సుతో కలిపి 1,71,600. అక్కడ పన్ను కట్టలేదు కాబట్టి ఇక్కడ తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు. ఇక మిగిలింది రెండు దేశాల మధ్య ఉన్న పన్ను ఒప్పందం దారి. క్యాలెండరు సంవత్సరంలో 183 రోజులు అక్కడుంటే భారత్–యూఏఈ ఒప్పందం ప్రకారం అక్కడి రెసిడెంటు. దానికి యూఏఈ ఫెడరల్ ట్యాక్స్ అథారిటీ నుంచి ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ కావాలి. అక్కడుండగానే పెట్టుకుంటే పని సులువు, వచ్చేశాక కాగితాలు సమకూర్చుకోవడం తలనొప్పి. రెండు దేశాలూ నావాడే అన్నప్పుడు ముందు శాశ్వత నివాసం ఎక్కడ, తర్వాత మనిషి బంధాలు ఎక్కడ అని చూస్తారు. భార్యాపిల్లలు ఇక్కడే, ఇల్లూ పొలమూ ఇక్కడే అయితే ఆ వాదన నిలబడటం కష్టం.

రిటర్ను ఫారం ఐటీఆర్-2. అందులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏలో దుబాయ్ బ్యాంకు ఖాతా చూపించాలి, అదీ 2025 జనవరి–డిసెంబరు లెక్కన. వదిలేస్తే బ్లాక్‌మనీ చట్టం కింద 10 లక్షల జరిమానా దాకా పోవచ్చు. స్థిరాస్తి కానివి మొత్తం 20 లక్షల లోపుంటే 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానా లేదు. అయినా ఒక వరుస నింపడానికి బద్ధకమెందుకు?

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చి 'ట్యాక్స్ ఇయర్' అని పేరు మారింది గానీ ఈ 182, 60, 365 అలాగే ఉన్నాయి.

బ్యాంకులో ఎన్ఆర్ఈ (ఎన్నారైల) ఖాతా గురించి అడిగితే కౌంటర్లో వాళ్లు మళ్లీ ఈ రోజుల లెక్కే చెబుతారు. కానీ అక్కడ నడిచేది ఫెమా, అంటే విదేశీ మారక చట్టం. స్థిరపడే ఉద్దేశంతో వచ్చిన రోజు నుంచే ఆయన దాని ప్రకారం రెసిడెంటు. ఖాతాను రెసిడెంటు ఖాతాగానో ఆర్‌ఎఫ్‌సీగానో (తిరిగొచ్చినవాళ్లు విదేశీ కరెన్సీలో ఉంచుకునే ఖాతా) వెంటనే మార్పించండి. ఆ రోజు నుంచి వచ్చే వడ్డీకి ఎన్ఆర్ఈ మినహాయింపు ఉండదు.