సంతకానికి ముందు ఆ నోటుపుస్తకం తెరువు

చిట్టితల్లీ,

గాలానికి ఎరగా కట్టే చెక్క చేపబొమ్మలు, నీ ఎరబొమ్మల వ్యాపారాన్ని చెన్నై ఆయనెవరో కొంటానంటున్నాడని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పటి నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో వంటింటి వెనక రేకుల కింద కూర్చుని నువ్వు కర్రముక్కలు చెక్కుతుంటే, కోడలికి ఇదేం పిచ్చి అని మీ అత్తగారు నాతో మొరపెట్టుకున్నారు. ఇవాళ ఆ పిచ్చికి బేరం వచ్చింది. పొద్దున్నే కాఫీ తాగుతూ పక్కింటాయనకు చెప్పేశాను, ఏమీ అనుకోకు.

నువ్వు పంపిన ఎరబొమ్మ, అదే ఆ పాపర్, మా కిటికీ ఊచకు వేలాడుతోంది. పొద్దున మళ్ళీ తీసి చూశాను. ముక్కు నుంచి తోక దాకా లోపల ఒకే స్టీలు తీగ. కర్ర పగిలినా చేప పోదని నువ్వే చెప్పావు. పొట్టలో సీసం ఎక్కడ పెట్టావో వేలితో తడిమితే తెలియదు, అంత నున్నగా ఉంది. నోటి దగ్గర గిన్నెలా తొలిచావే, లాగినప్పుడు ఆ గుంటే నీళ్ళను ఎగజిమ్మి చప్పుడు చేస్తుందట, ఆ చప్పుడుకే పెద్ద పార చేప పైకి వస్తుందట. నలభై ఏళ్ళు వలలూ గాలాలూ అమ్మినవాణ్ణి నేను. ఇంత శ్రద్ధగా చేసిన సరుకు నా కొట్లో ఎప్పుడూ లేదు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. మూడేళ్ళ లెక్కలు ఆడిటర్‌కు చూపించు, పన్ను ఎంత పడుతుందో బేరానికి ముందే అడుగు. డబ్బు వాయిదాల్లో ఇస్తానంటే ఒప్పుకోకు. పేరు అమ్ముతున్నావా, అచ్చులూ సరుకూ మాత్రమేనా అన్నది కాగితం మీద విడివిడిగా ఉండాలి.

ఒక్క షరతు దగ్గర మాత్రం ఆగి చదువు. ఇకపై ఈ పని చేయనని రాసిమ్మంటాడు. మామూలుగా అలాంటి రాతలు చెల్లవు గానీ, వ్యాపారాన్ని పేరుప్రతిష్ఠలతో సహా అమ్మినప్పుడు చెల్లుతాయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్‌లో ఆ మినహాయింపు ఉంది. ఏ ప్రాంతం వరకు అన్నది సబబుగా ఉండాలంటుంది చట్టం. ఆయన దేశమంతా అని రాస్తే కొట్టించు. నువ్వు అమ్మేది వ్యాపారాన్ని, నీ చేతుల్ని కాదు. నేను చదవకుండా సంతకం పెట్టి, ఐదేళ్ళు కాకినాడలోనే ఇంకొకరి కొట్లో గుమాస్తాగా కూర్చున్నాను.

ఆ సంగతి మీ అమ్మకు కూడా సగమే తెలుసు. నీకు పూర్తిగా చెబుతాను.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. వేటకు వెళ్ళిన పడవలు ఎన్నో తిరిగి రాలేదు. మన కొట్టు జగన్నాథపురంలో ఉండేది. తుపానుకు పైకప్పు లేచిపోయింది, వలల కట్టలు ఉప్పునీళ్ళలో నానిపోయాయి. ఖాతా పుస్తకం మాత్రం బీరువా పై అరలో ఉండి తడవలేదు. అది కూడా తడిసిపోయి ఉంటే ఎంత బాగుండేది అని చాలాసార్లు అనుకున్నాను. అందులో సుమారు అరవై మంది పేర్లు. వల అప్పు, తాడు అప్పు, ఇంజను సామాను అప్పు. వాళ్ళలో కొంతమంది లేరు. ఆ నెలంతా వాళ్ళ ఆడవాళ్ళు కొట్టు దగ్గరికి వస్తే, “పోనీలే అమ్మా, ఆ లెక్క మర్చిపో” అని చెప్పి పంపించాను. మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ నోటితో వదిలేశానే గానీ, పుస్తకంలో కొట్టేయలేదు.

సంక్రాంతి అయ్యాక భయం పట్టుకుంది. అప్పులు వసూలు కావు, సరుకు తెచ్చుకోవడానికి చేతిలో డబ్బు లేదు. అప్పుడే ఒక వ్యాపారి వచ్చి, కొట్టూ సరుకూ ఖాతా పుస్తకంతో సహా ఇంత అన్నాడు. మీ అత్త వద్దంది, ఈ ఎండాకాలం దాకా ఆగుదాం అంది. నేను వినలేదు. భయంలో ఉన్నవాడికి ఎంత ఇస్తామన్నా ఎక్కువగానే కనపడుతుంది.

నాలుగు నెలలకు ఒకామె మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది. భర్త తుపాను రాత్రే పోయాడు. పుస్తకంలో ఆయన పేరు మీద మూడు వేల నాలుగు వందలు. కొన్నవాడు మనుషుల్ని పంపి ఆమె చెవిదుద్దులు పట్టుకెళ్ళాడు. ఏడవలేదు, తిట్టలేదు. “మా పేరు ఎంతకి అమ్మేరు బాబూ?” అని అడిగింది. మీ అత్త మంచినీళ్ళు తెచ్చి పెట్టింది, తాగలేదు. నేను ఆ మధ్యాహ్నమే వెళ్ళి డబ్బు కట్టాను. దుద్దులు అప్పటికే కరిగించేశారు.

అందుకే అడుగుతున్నాను. నువ్వు నోటితో ఎవరెవరికి ఏమేం మాటిచ్చావు? పగిలిన బొమ్మ ఎప్పుడు తెచ్చినా ఊరికే బాగుచేస్తానని గిరాకీలకు చెప్పావు. జంగ్లీఘాట్ పడవ కుర్రాళ్ళకు, మనవాళ్ళని, సగం ధరకే ఇస్తావు. రంగులు వేసే ఆవిడ కూతురి ఫీజు వచ్చే రెండేళ్ళు కడతానన్నావని మీ అమ్మ చెప్పింది. ఇవేవీ ఆ చెన్నై ఆయనకు తెలియవు, తెలిసినా ఆయన మాట కాదు. ఒక నోటుపుస్తకం తీసి ఒక్కొక్కటీ రాయి. కొన్నవాడు మోయాల్సినవి ఒప్పందంలోకి ఎక్కించు. ఆయన ఒప్పుకోనివి నీ డబ్బులో నుంచి నువ్వే ముందు తీర్చు. ఆ తర్వాత మిగిలిందే నీకు అసలు వచ్చిన ధర.

ఇంకొకటి, దీనికి కోపం తెచ్చుకోకు. ఈ వానల్లో సంతకం పెట్టకు. వానాకాలంలో వేటకు వచ్చేవాళ్ళు తగ్గుతారు, ఆర్డర్లు ఉండవు, రేకుల మీద వాన చప్పుడు వింటూ కూర్చుంటే ఎవరికైనా అమ్మేసుకుందామనే అనిపిస్తుంది. డిసెంబరులో గిరాకీలు వచ్చాక కూడా అదే మాట అంటే, నేనే వచ్చి పక్కన కూర్చుంటాను. బొమ్మలకు పూసే ఆ రెజిన్ వాసనకు రాత్రుళ్ళు దగ్గు వస్తోందట కదా, ఆ మాట నాకెందుకు చెప్పలేదు? మాస్కు పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? దగ్గు వల్లే అమ్మాలనుకుంటే డిసెంబరు దాకా కూడా ఆగొద్దు, అమ్మేసేయ్. ఎవరేమన్నా నేను నీ వైపే ఉంటాను. ముందు డాక్టరుకు చూపించుకుని ఏమన్నారో చెప్పు.

ఓడ టికెట్ల సంగతి కనుక్కోమని మీ బావకు చెప్పాను. విశాఖ నుంచి మూడు రోజుల ప్రయాణం నాకేం కష్టం కాదు. నోటుపుస్తకం రాసి ఉంచు, వచ్చి చూస్తాను. కిటికీకి వేలాడుతున్న దానికి కన్ను దగ్గర రంగు కొంచెం లేచింది, దాన్ని కూడా తెస్తాను.

మావయ్య